గంప కింది కొట్లాట

నాకు కోపం ఎక్కువని మా పుట్టింటి వాళ్లు నా పెళ్లినాడు కూడా భయపడుతూనే ఉన్నారు. ఆ కోపం వల్లే ఒక ముసలమ్మ చాలా ఏళ్లు తన గదిలోనే, తన పొయ్యి మీదే వండుకుంటూ, తన తాళంచెవి తన కొంగుకే కట్టుకుని బతికిందని తర్వాత ఎన్నిసార్లు చెప్పినా వాళ్లలో ఒక్కరూ నమ్మలేదు. నమ్మకపోతే మానె. జరిగింది జరిగినట్టు చెబుతాను.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు నా పెళ్లి. మా ఆయనకు నాంపల్లి స్టేషన్‌లో పార్సెల్ గుమాస్తా పని. భువనగిరి అవతల పల్లెలో గొడ్లూ మనుషులూ కలిసి తిరిగే ఇంట్లో పెరిగిన నన్ను తెచ్చి, స్టేషన్ వెనక గల్లీలో ఒక కిరాయి గదిలో దించాడు. ఒకే వాకిలి, దాని చుట్టూ గదులు, మధ్యలో ఒక నల్లా. రైలు కూసినప్పుడల్లా గూట్లో గిన్నెలు గలగలమనేవి. అత్తామామలు లేని ఇల్లని మా అమ్మ సంబరపడింది. నాకేమో ఆయన ఆఫీసుకు పోయాక మాట్లాడే దిక్కులేక నోరు పాచిపట్టినట్టుండేది.

మా ఎదుటి గదిలో అవ్వ ఉండేది. ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు నాకెవరూ కనబడలేదు, గల్లీ అంతటికీ అవ్వే. మెదక్ దిక్కు పల్లె నుంచి మొగుడితో కలిసి పట్నం వచ్చిందట. ఆయన స్టేషన్‌లో హమాలీ పని చేస్తూ చేస్తూ పోయాడు. ఆ తర్వాత ఆమె గంప నెత్తిన పెట్టుకుని అబిడ్స్‌లో పెద్ద దుకాణాల ముందు కూర్చుని సీతాఫలాలు, రేగుపండ్లు, మక్క కంకులు అమ్మింది. మోటారుల్లో దిగే దొరసానులతో బేరమాడి, వాళ్లను ఒక మాటని, వాళ్లతో ఒక మాట పడి, చివరికి పండ్లు అంటగట్టి పంపేదట. ఆ గంప మీదే కొడుకును చదివించింది. అతను సర్కారు ఆఫీసులో కుదురుకుని హిమాయత్‌నగర్‌లో ఇల్లు తీసుకున్నాడు. నేను వచ్చేనాటికి అవ్వ మోకాళ్లు పనిచేయడం మానేశాయి, కళ్లలో పొర కమ్ముతోంది. గంప గోడకు ఆనించి ఉండేది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆ కొడుకు నన్ను వాకిలి బయట ఆపాడు.

"చెల్లె, నీకు దండం పెడ్త. మా అమ్మ నా ఇంటికి రానంటది. నేను ఆఫీసుల కూసున్నా పానమంతా గీడనే ఉంటది. జర కనిపెట్టుకోని ఉండు. పొద్దుగాల లేసిందా, ఇంత తిన్నదా, గంతే. ఏ జర తేడా వచ్చినా కబురు పంపు. ఇగ ఆమె మాట ఇనేది లేదు, ఎత్తుకపోత."

సరేనన్నాను. ఎత్తుకుపోవడమంటే ఏమిటో అప్పుడు నాకు తెలియదు. తర్వాత అవ్వే చెప్పింది. అంతకుముందు ఏడాది కొన్నాళ్లు హిమాయత్‌నగర్‌లో ఉండి వచ్చిందట.

"మంచిగనే జూసుకున్నరు. కూసోబెట్టి మంచినీళ్లు గూడ నోటికందిచ్చిన్రు. నేనేమన్న దేవునర్రల పటమా? ఓ దినం పొయ్యి కాడికి పోతే కోడలు ఉరికొచ్చి 'మీకెందుకత్తమ్మా' అని చెయ్యి పట్టి అవతలకు తీసింది. నా చెయ్యి! అబిడ్స్‌ల పోలీసోడు పట్టుకున్నా ఇడిపిచ్చుకున్న చెయ్యి!"

అదీ ఆమె భయం. మళ్లీ అక్కడికి పోతే ఇక తిరిగి రానివ్వరని, పటంలాగా గోడకెక్కిస్తారని.

నేను మాట ఇచ్చాను కదా, కనిపెట్టుకోవడం మొదలుపెట్టాను. పప్పు గిన్నె తీసుకుని పోతే, "ఏందది?" అంది. జర ఎక్కువైందవ్వా అన్నాను. "ఎక్కువైతే కుక్కకెయ్యి" అంది. "తిన్నవా అవ్వా?" అని అడిగితే "తినకుంటే నువ్వొచ్చి నములుతవా?" అంది. ఒకనాడు ఆమె రాకముందే ఆమె బిందె నింపి గడపలో పెట్టాను. ఆమె నా కళ్లముందే ఆ నీళ్లు మురుగు మోరీలో పారబోసి, ఆ మోకాళ్లతో నల్లా దాకా పోయి మళ్లీ నింపుకుని వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ ముసలిదాన్ని కనిపెట్టుకోవడం నావల్ల కాదని మా ఆయనతో చెప్పేశాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు నేను గడప ముందు గుడ్డ పరిచి, మజ్జిగలో ఊరేసిన సల్ల మిరపకాయలు ఎండబోశాను. లోపలికి పోయి వచ్చేసరికి అవ్వ గిన్నెలు కడిగిన నీళ్లు వాకిలి దాటి వచ్చి నా గుడ్డను ముంచేశాయి. మిరపకాయలు తేలుతున్నాయి. ఇక నేను ఆగలేదు.

"అవ్వా! కండ్లు కనబడ్తలేవా నీకు? నా మిరపకాయలన్నీ నాశనమైనయ్!"

అన్నాక నాలిక కరుచుకున్నాను. కళ్ల మాట ఎత్తకుండా ఉండాల్సింది. అవ్వ గడపలో నిలబడి నా వైపు చూసింది. ఆమె ముఖం వాడిపోతుందనుకుంటే, అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు కళకళలాడింది.

"నా కండ్ల ముచ్చట నీకెందుకే పోరీ? మిరపకాయలు తొవ్వల పోస్తరా ఎవలన్న? మీ ఊరోళ్లు గిట్లనే ఎండబెడ్తరా? సల్ల ఏసినవా, సున్నమేసినవా, గట్ల తెల్లగున్నయేంది?"

"మా ఊరి ముచ్చట తియ్యకు!"

"తీస్త! ఏం జేస్తవ్?"

కొంగు నడుముకు చుట్టాను. ఆమె కూడా చుట్టింది. ఇద్దరం దుమ్ములేపాం. సరిగ్గా రసపట్టులో ఉండగా నల్లా గురగురమంది. నీళ్లు వచ్చాయంటే ఎవరైనా బిందెల కోసం పరుగెత్తాల్సిందే. అవ్వ చెయ్యెత్తి "ఆగు" అంది. కుంటుకుంటూ లోపలికి పోయి తన పాత గంప తెచ్చి, మా ఇద్దరి గడపల మధ్య బోర్లించింది.

"గిదేందవ్వా?"

"కొట్లాట. గంప కింద పెట్టిన. మా దిక్కు గిదే పద్ధతి. నాట్లేసేటప్పుడు కొట్లాట మొదలైతే పని చెడొద్దని గంప కమ్మేసి పోతం. కమ్మినోళ్లే లేపాలె, వేరేటోళ్లు ముట్టొద్దు. లేపినంక ఏడ ఆగిందో ఆన్నుంచే షురూ. పో, నీళ్లు పట్టుకో. రేపు జూద్దాం."

ఆ సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, తడిసిన మిరపకాయలు చూసి, వాకిలి చూసి, "మోరీ అటు దిక్కుంటే నీళ్లు గిటెట్ల వచ్చినయ్?" అన్నాడు. ఇంట్లో కూడా పార్సెల్ ఆఫీసు విచారణలు పెట్టొద్దని చెప్పి అన్నం వడ్డించాను. నా బుర్రలో మరునాటి జవాబులు తిరుగుతున్నాయి, నీళ్ల సంగతి ఎవరికి కావాలి.

తెల్లారి నేను వాకిలి ఊడ్వడానికి వచ్చేసరికి అవ్వ అప్పటికే లేచి, ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, గడప మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే గంప ఎత్తింది.

"ఆఁ, నిన్న ఏడిదాంక వచ్చినం? మీ ఊరి కాడికా?"

అప్పుడు నాకు అర్థమైంది. ఈమె పొద్దున్నే లేచిందా లేదా అని నేను తలుపు తట్టి అడగనక్కర్లేదు. గంప లేచిందంటే అవ్వ లేచినట్టే. ఎంత మంచి ఉపాయం కనిపెట్టానని నన్ను నేను మెచ్చుకున్నాను. ఆ రోజు నుంచి మా కొట్లాట రోజూ సాగింది. పొద్దున ఆమె గంప ఎత్తేది, సాయంత్రం బోర్లించేది.

కొట్లాటలో ఒక సుఖముంది. మర్యాదగా ఇస్తే తీసుకోనిది, తిట్టి విసిరేస్తే తీసుకుంటారు. "నీ బిందె నా తొవ్వకు అడ్డం పెట్టినవ్" అని అరుస్తూ ఆమె బిందె నింపి ఆమె గడపలో దబ్బున పడేసేదాన్ని. ఆ నీళ్లు ఆమె పారబోసేది కాదు, కోపంతో పెట్టిన నీళ్లు కదా. "నీ పొయ్యి పొగతోటి మా ఇల్లంతా నల్లగైతున్నది, గీ ఎండిన కట్టెలు పెట్టుకో, మొగోని సంపాదనంతా సున్నానికే పోతున్నది" అని కట్టెల మోపు ఆమె గుమ్మంలోకి తోసేదాన్ని. ఆమె ఆ కట్టెలు గోడవారగా సర్ది పెట్టుకుని, "మీ మొగని సంపాదన గురించి నన్ను మాట్లాడనియ్యకు" అనేది.

అన్నం సంగతి కొంచెం కష్టమైంది. చివరికి దానికీ తోవ దొరికింది. ఒకనాడు నా గుత్తివంకాయ మాడిందని ఆమె ఎగతాళి చేసింది. మాడలేదని నేను గిన్నెతో సహా తెచ్చి ఆమె ముక్కు కింద పెట్టాను. తేలకముందే పొద్దుగూకింది. "సాక్ష్యం గూడ గంప కిందనే ఉండాలె" అంటూ గిన్నె మీద గంప కమ్మింది. తెల్లారి గంప ఎత్తితే గిన్నె ఖాళీ, కడిగి తళతళలాడుతోంది.

"కూరేది?" అన్నాను.

"పిల్లి తిన్నది."

"గిన్నె గూడ పిల్లే తోమిందా?"

"సుద్దిగల్ల పిల్లి."

ఆ సుద్దిగల్ల పిల్లి ఆ తర్వాత నా పప్పు, నా జొన్నరొట్టెలు, నా పచ్చిపులుసు అన్నీ తిన్నది. ఏ రోజైనా ఉప్పు తక్కువైతే మరునాడు కొట్లాటలో పిల్లి తరఫున ఆ మాట కూడా వచ్చేది. మా ఆయన ఆఫీసుకు పోతూ పోతూ, "మీరిద్దరు ఒకలినొకలు సంపుకోకుంటే సాలు" అనేవాడు. సంపుకోవడం కాదు, ఆమె ముఖంలో రంగు వచ్చింది. నా నోటికీ పని దొరికింది. నిజం చెప్పాలంటే పట్నంలో నాకు దొరికిన మొదటి మనిషి ఆమే.

మా వాకిట్లో మొదటి గదిలో ఒక టీచరమ్మ ఉండేది. మెదక్ నుంచి వచ్చిన క్రైస్తవుల ఆవిడ, మిషన్ బడిలో చదువు చెప్పేది. మెత్తని మనిషి, తెల్లని చీర, తగ్గు గొంతు. మా కొట్లాట మొదలైతే కిటికీ రెక్క మూసి, మా ఇద్దరి కోసం ప్రార్థన చేసేది. అవ్వ ఆమె జోలికి పోయేది కాదు. "ఆమెతోటి కొట్లాడ రాదు పిల్లా. మనం తిడితే ఆమె మన కోసం దేవునికి మొక్కుతది. ఇగ ఏం మజా?" అనేది.

నేను కడుపుతో ఉన్నప్పటి మాట. పుల్లటివి తినాలని నాలిక పీకుతుండేది గానీ ఎవరితో అనలేదు. ఒక పొద్దున గంప ఎత్తితే, కడిగిన గిన్నెలో మోదుగాకు మీద చింతకాయ తొక్కు ముద్ద ఉంది.

"గిదేంది?"

"నాకేమెరుక? పిల్లి పెట్టి పోయి ఉంటది."

కళ్లు సరిగా కనబడని మనిషి రోట్లో తొక్కు నూరింది. మిరపగింజ ఒక్కటి కూడా చిదగకుండా పోలేదు. ఆ రోజు నేను సరిగా తిట్టలేకపోయాను.

వానాకాలం వచ్చింది. ఒక పొద్దున నల్లా వచ్చి పోయింది గానీ గంప లేవలేదు. చేతిలోని బిందె దించి పరుగెత్తాను. అయినా మెత్తగా పిలిస్తే అవ్వ ఒప్పుకోదు కదా, తలుపు దగ్గర నిలబడి అరిచాను.

"ఏందవ్వా, గంప లేపవేం? భయపడ్డవా?"

"ఇయాల నోరు మంచిగ లేదే" అని లోపలి నుంచి సన్నగా వినబడింది.

తలుపు తోసుకుని పోయాను. నుదురు కాలిపోతోంది. నేను ముట్టుకున్న చేతిని పక్కకు తోసి, ఆమె అడిగిన మొదటి మాట, "వానికి కబురు పంపినవా?" అని. లేదన్నాను. "పంపకు బిడ్డా. జరమొచ్చిందని ఎరుకైతే ఇగ ఇడువడు. తోలుకపోతడు." నన్ను బిడ్డా అనడం అదే మొదలు. ఆమె అంత భయపడగా నేనెప్పుడూ చూడలేదు, నాకూ భయమేసింది.

మా ఆయన దవాఖానకు పోయి సీసాలో ఎర్రటి మందు తెచ్చాడు. అవ్వ పళ్లు బిగించి కూర్చుంది. మందు తాగితే రోగం ఒప్పుకున్నట్టట. బతిమాలితే లాభం లేదని నాకు తెలుసు.

"గంప లేపనోళ్లు ఓడినట్టు. ఓడినోళ్లు గిది తాగాలె" అన్నాను.

"గట్లని ఎవలు చెప్పిన్రు?"

"మా దిక్కు పద్ధతి."

 అవ్వ సీసా అందుకుని తాగి, మూతి తుడుచుకుంది. "థూ! మీ దిక్కంతా గింత సేదేనా?"

పూటపూటకూ ఇదే యుద్ధం. ఒక సాయంత్రం ఆమె మరీ మొండికేస్తే, "తాగుతవా, ముక్కు మూసి గొంతుల పొయ్యమంటవా?" అని గొంతు చించుకున్నాను. వెనక్కి తిరిగితే గుమ్మంలో టీచరమ్మ, చేతిలో రొట్టె ముక్కలు, ముఖంలో నెత్తురు లేదు. నేను ఏదో చెప్పబోయేలోపే వెళ్లిపోయింది. ఆ తర్వాత అబిడ్స్‌లో ఏదో దుకాణం ముందు అవ్వ కొడుకు ఎదురైతే, పాపం మంచి మనసుతోనే, తాను చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పేసిందట.

అవ్వకు జ్వరం తగ్గి, ఆఖరి మోతాదు మీద కొట్లాట గంప కింద పెట్టిన మరునాడు ఆదివారం. ఆమె గంప ఎత్తకముందే గల్లీ మొగదల జట్కా ఆగింది. కొడుకు, కోడలు దిగారు. కొడుకు తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"నీ మీద నమ్మకముండె చెల్లె. రోజూ తిడ్తవంట. జరమొచ్చిన ముసల్దాని ముక్కు మూస్తవా?"

నాకు కోపం వచ్చిన తీరు ఏం చెప్పను. కనిపెట్టుకోమన్నది ఎవరు? కానీ ఆ మాట అవ్వ ముందు అనడమెట్లా? నేను ఆమెను చూసుకుంటున్నానని చెప్పానంటే, ఇన్నాళ్ల బిందెలు, కట్టెలు, కూరలు అన్నీ ఒక్కసారి దానమైపోతాయి. ఆ దానం తినేకంటే ఆమె హిమాయత్‌నగర్‌కే నడిచి పోతుంది. చెప్పకపోతే జట్కా ఎక్కిస్తారు. నోరు మూసుకుని నిలబడటం నా జన్మలో అదే మొదలు.

"సామాను కట్టు" అన్నాడు కొడుకు పెళ్లాంతో.

అవ్వ గడప మీద కూర్చుని తాళంచెవి గుప్పిట్లో పట్టుకుంది. "నేను రాను."

"మల్ల జరమొస్తే నిన్నెవలు జూస్తరమ్మా? తిట్టెటోళ్లా?"

అవ్వ నోట జవాబు లేదు. అబిడ్స్‌లో ఎంతమంది దొరసానులు వచ్చినా తగ్గని నోరు. అవును, తిట్టేవాళ్లే చూస్తున్నారని అంటే, తనను ఒకరు చూసుకోవాల్సి వస్తోందని ఒప్పుకున్నట్టే. ఆమె నన్ను చూసింది. తాళంచెవిని కొంగు ముడిలోకి దోపి బిగించింది. నాకు ఏడుపొచ్చింది.

"కొట్లాట గంప కిందున్నది. తెగని కొట్లాట ఇడిసిపెట్టి గడప దాటొద్దు. నీకు ఎరుక లేదా?" అంది చివరికి.

కొడుకు ఆగిపోయాడు. చిన్నప్పుడు ఆ పల్లెలో తిరిగినవాడే, ఆ మాటను దాటి కాలు వేయలేకపోయాడు. కానీ కోడలు పట్నం పిల్ల, ఈ గొడవ ఆమెకేం తెలుసు? గిన్నెలు సర్దడానికి ఏదైనా దొరుకుతుందా అని చూస్తూ వచ్చి, వాకిలి మధ్యలో ఉన్న గంపను అమాంతం ఎత్తేసింది.

"అయ్యో!" అని మేమంతా ఒక్కసారే అరిచాం. ఆమె గంప పట్టుకుని అట్లాగే కొయ్యబారింది.

గంప కింద ఖాళీ మందు సీసా. దాని పక్కన తోమిన నా గిన్నె. గిన్నెలో మోదుగాకు మీద తొక్కు.

కొడుకు వంగి సీసా తీసి చూశాడు, గిన్నె చూశాడు. "గివెవలివి?"

"పిల్లివి" అన్నాం నేనూ అవ్వా ఒకేసారి.

అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "పిల్లికి జరమొచ్చిందా?"

"ఔ" అంది అవ్వ. "మంచిగైంది గూడ."

"పిల్లి తొక్కు గూడ నూరుతదా?"

"కడుపుతోటి ఉన్నోళ్లకు నూరుతది."

మొదట నవ్వింది తన కిటికీలోంచి అంతా చూస్తున్న టీచరమ్మ. ఆమె గట్టిగా నవ్వడం అంతకుముందు ఎవరూ వినలేదు. కొడుకు అవ్వ పక్కన గడప మీద కూలబడి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. తువ్వాలు భుజాన వేసుకుని, "నీ గదిల నువ్వే ఉండమ్మా" అన్నాడు.

అవ్వకు అది చాలలేదు. ఇంకా గంప పట్టుకునే నిలబడ్డ కోడలి వైపు తిరిగింది. "అడగకుంట గంప లేపినవ్. లేపినోళ్లకు కొట్లాటల వాటా ఉంటది. ఇగ ఆదివారం ఆదివారం వచ్చి నువ్వు గూడ కొట్లాడాలె."

ఈ నియమం వాళ్ల ఊళ్లో నిజంగానే ఉందో, అప్పటికప్పుడు పుట్టిందో నాకు ఈనాటికీ తెలియదు. కొడుకు మాత్రం అది ఎప్పుడూ విననట్టే ముఖం పెట్టాడు.

పాపం ఆ కోడలు, నాకు వదిన వరస, వచ్చింది. మొదటి ఆదివారం చేతులు కట్టుకుని, "అత్తమ్మా, మీరు జర టయానికి తింటే బాగుంటది" అంది. "గిది కొట్లాటనా, అర్జీనా?" అంది అవ్వ. నేను వదినను పక్కకు తీసుకుపోయి నడుముకు కొంగు చుట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పాను. తొందరగానే పట్టుకుంది. పెళ్లయినప్పటి నుంచి అత్తగారితో అనలేక దాచుకున్నవన్నీ ఉన్నాయి కదా, అవి బయటపడుతుంటే అవ్వ పరమానందంగా వినేది. ఒకనాడు వదిన, "నన్ను జూసి టీచరమ్మా అని పిలిచినవ్! కోడలెవలో, టీచరమ్మెవలో కండ్లకు ఆనుతలేదు గని రోషానికేం తక్కువలేదు!" అని విరుచుకుపడింది. ఆ కోపంలోనే జట్కా ఎక్కించి కళ్ల దవాఖానకు తీసుకుపోయి పొర తీయించింది. కట్టు విప్పి ఇంటికి వచ్చిన రోజు అవ్వ వదినను పైనుంచి కిందిదాకా చూసి, "నేననుకున్నంత అధ్వానంగ లేవు" అంది. వదిన ఆ మాట ఎన్నేళ్లయినా చెప్పుకుని మురిసిపోయేది.

మా పిల్ల ఆ వాకిట్లోనే పుట్టి, ఆ కొట్లాటల్లోనే మాటలు నేర్చింది. దానికి మొదట వచ్చిన మాట 'ఏందే'. మా ఆయన తల పట్టుకున్నాడు.

ఆంధ్రా, తెలంగాణ ఒకటవుతాయని హోటళ్లలో చాయ్ చల్లారేదాకా వాదించుకుంటున్న ఏడు, మా ఆయనకు కాజీపేట బదిలీ అయింది. నాకు అన్నిటికంటే అవ్వ దిగులే పట్టుకుంది. వదిన వారానికి ఒకసారే వస్తుంది. తెల్లారి గంప లేచిందా లేదా ఎవరు చూస్తారు? మా గదిలోకి వచ్చేవాళ్లు ముందురోజే సామాను దించారు. వరంగల్ దిక్కు నుంచి వచ్చిన కొత్త పెళ్లికూతురు, గొంతు పెగలని పిల్ల. దాన్ని పక్కకు పిలిచి, అవ్వను జర కనిపెట్టుకోమని అన్నాను. "ఔనక్కా, మంచిగ జూసుకుంట. నీళ్లు నేనే పట్టిస్త. ఏం పని చెయ్యనియ్య" అంది. నా ప్రాణం ఉసూరుమంది. హిమాయత్‌నగర్ నడిచి ఎదుటింటికే వచ్చినట్టయింది.

ఆ సాయంత్రం అవ్వతో ఏదో ఒక మాట మీద కొట్లాడాను గానీ మనసు లేదు. మధ్యలోనే ఆమె గంప బోర్లించింది.

"రేపు నేను పోతున్నవ్వా."

"పో. ఎవలాపిన్రు?"

తెల్లారి అవ్వ గంప ఎత్తలేదు. జ్వరమా అంటే కాదు, గడప మీదే కూర్చుని ఉంది, ఉతికిన చీర కట్టుకుని. వాకిలి దాకా వచ్చిన జట్కాలో సామాను ఎక్కుతోంది. ఆఖరి రోజు ఒక్క మాట కూడా అనదా అని నాకు కడుపు మండింది. పిల్లను ఎక్కించి, నేనూ ఎక్కి, వెనక్కి తిరిగి చూస్తూ కూర్చున్నాను.

కొత్త పిల్ల తన గడప ముందు ఎంతో ఓపికగా ముగ్గు వేసి లోపలికి పోయింది. అప్పుడు లేచింది అవ్వ. ఆ మోకాళ్లతో నెమ్మదిగా వంగి, పొయ్యిలోని బూడిద తెచ్చి మోరీ వైపు కట్టలాగా పోసింది. కట్టె పుల్ల తీసుకుని, తన గడప నుంచి ఆ పిల్ల గడప దాకా మట్టిలో సన్నని కాలువ గీసింది. ఎంత చక్కగా గీసిందంటే, అది మొదటిసారి కాదని చూస్తేనే తెలుస్తుంది. తర్వాత గిన్నెలు కడిగిన నీళ్ల గిన్నె ఎత్తి పోసింది. నీళ్లు బుద్ధిగా ఆ కాలువ వెంబడే పోయి ముగ్గును ముంచేశాయి.

నా సల్ల మిరపకాయలు కళ్లముందు తేలాయి. మోరీ అటుంటే నీళ్లు ఇటెట్లా వచ్చాయని ఆ రోజు మా ఆయన అడిగితే కసిరాను. ఆమెను నేను కనిపెట్టుకుంటున్నానని, ఎంత ఉపాయంగా నడిపిస్తున్నానని ఇన్నేళ్లూ మురిసిపోయాను. కొత్తగా వచ్చిన కోపిష్టి పిల్లను గడపలో కూర్చుని చూసి, పనికొస్తుందని ఎంచుకుని, కాలువ గీసి పిలుచుకున్నది ఆమె.

"అవ్వా!" అని జట్కాలోంచే అరిచాను. "నా మిరపకాయలు!"

అవ్వ నీళ్ల వైపు చూడటం లేదు. నన్నే చూస్తోంది. పొర తీసిన కళ్లు, బాగానే కనబడుతున్నట్టున్నాయి.

"ఇన్నేండ్లకు తెలిసిందా? జవాబు గంప కిందున్నది. వచ్చినప్పుడు లేపుదాం."

"మరి గా పిల్లతోటి కొట్లాటకు గంప వద్దా?"

"గంప నీదే. గీ పోరికి చెరిగే సాట సాలు" అంది అవ్వ.

అప్పుడే కొత్త పిల్ల బయటికి వచ్చింది. "అయ్యో అవ్వా, గిదేంది, నా ముగ్గంతా..." అంది, ఎవరికీ వినబడకుండా.

"ఏందే, గొంతు లెవ్వదా నీకు? మీ ఊళ్లె అందరు గిట్లనే గులుగుతరా?"

"మా ఊరినెందుకంటున్నవ్?" అంది ఆ పిల్ల, కొంచెం గట్టిగా.

జట్కా కదిలింది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో చూద్దామని మా పిల్ల నా కొంగు లాగి, "ఏందే" అంది. గల్లీ మలుపు తిరిగేదాకా ఆ రెండు గొంతులూ వినబడుతూనే ఉన్నాయి. కొత్త గొంతు ఇంకా పచ్చిగా ఉంది, మలుపు దగ్గరకు వచ్చేసరికి కొంచెం పెరిగింది.